కోటగోడలో సిపాయి భోజనం

1923 నవంబరు ఒకటో తారీకు, గురువారం. పొద్దుటినుంచి ఒకటే ముసురు. చీకటిపడేసరికి లూగో పట్నమంతా మంచు కప్పేసింది.

బెనిగ్నా ఇంటి కొట్టుగదిలోకి ఆ రాత్రి ఆవిడ తప్ప ఎవరూ అడుగుపెట్టరని చెప్పుకునేవారు. నిజానికి అది గది కాదు, రోమన్ల కోటగోడ. శత్రువులొస్తారని పద్నాలుగడుగుల మందాన కట్టి పోయారు వాళ్ళు. శత్రువుల మాటెలా ఉన్నా, మావాళ్ళు మాత్రం వచ్చారు. ఒకరు గోడకానించి ఇల్లు కట్టారు, ఒకరు బురుజులో పందుల్ని కట్టారు, మా తాతైతే గోడమీద క్యాబేజీ వేశాడు... సరే, కథకొస్తాను. బెనిగ్నా పూర్వీకులు తరానికో మూర చొప్పున గోడను తొలిచారు. ఆ తొర్రలో ఒక రోమన్ సిపాయి దెయ్యమై ఉన్నాడట!

చచ్చినవాళ్ళు ఇళ్ళకొచ్చే రాత్రి అది. ముప్ఫై ఏళ్ళుగా ఆ రాత్రి బెనిగ్నా సిపాయికి సాసేజీలు పెడుతోంది. తెల్లారేసరికి పళ్ళెం ఖాళీ... పక్కన గ్లాసుడు సారా! సిపాయి దీవెనని ఆవిడ సిలువ గుర్తు వేసుకుని తాగేసేది.

ఆ ఏడాది ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. మొగుడూ పిల్లలూ లేని మనిషి, మేనల్లుడు అమారోను పిలిచింది.

"పళ్ళెం పెట్టి నోరు మూసుకుని వచ్చెయ్. ఇల్లు నీకే రాశాను. ఆయనకి కోపం తెప్పించావో, వీలునామా చించేస్తా."

"సిపాయేంటత్తా! పిల్లి తింటోంది."

"పిల్లి సారా పోస్తుందిట్రా, వెధవా?"

అమారో కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళాడు. ఒక అడుగు... ఇంకో అడుగు... పళ్ళెం దించుతుండగా —

గర్ర్... తొర్ర చివరి రాయి కదిలింది. కన్నంలోంచి ఓ చెయ్యి... తడుముకుంటూ... తడుముకుంటూ... సాసేజీ అనుకుని అమారో బొటనవేలు పట్టుకుంది!

విదిలించుకుని వచ్చేస్తే ఇల్లు దక్కేది. కానీ భయంలో వాడూ ఆ చేతినే గట్టిగా పట్టుకున్నాడు.

"వదులు!" అంది గోడ.

"నువ్వే వదులు!"

"సిపాయి దొరా... ఇన్నేళ్ళూ పెట్టావు, ఇవాళేం కోపం?" అని బతిమాలింది గోడ.

"సిపాయివి నువ్వు కాదూ?"

"నేను రమీరోని! గోడ అవతల చెక్కచెప్పులు చేసుకునేవాణ్ణి!"

అవతల రమీరో పూర్వీకులూ తరానికో మూర తొలుచుకుంటూ వచ్చారు. మధ్య మిగిలింది ఒక్క రాయి. చచ్చిన సిపాయే తనకి అన్నం పెడుతున్నాడని నమ్మి, రమీరో సారాతో రుణం తీర్చుకుంటున్నాడు.

కేకలకి బెనిగ్నా మోకాళ్ళు మరిచి పరుగెత్తుకొచ్చింది. తన్నులు ఖాయమనుకున్నాడు అమారో. ఆవిడ కన్నంలోకి తొంగిచూసింది.

"ఆ సారా... మీరు పోసేదా?" అంది మెత్తగా.

"ఆ సాసేజీలు మీవా?" గోడ గుటక వేసింది. "మా అమ్మ చేతికి కూడా అంత రుచి లేదండీ!"

ఈస్టరు వెళ్ళగానే ఇద్దరికీ పెళ్ళి. కన్నంలోంచే వస్తానని పెళ్ళికొడుకు సరదా పడ్డాడు గాని, పొట్ట పట్టలేదు.

పదకొండేళ్ళ తరవాత బెనిగ్నా కన్నుమూసింది. ఇల్లు రమీరోకి. సాసేజీల మర ఆడపడుచుకి. సారా గ్లాసు చర్చికి. దెయ్యాన్ని చేత్తో పట్టుకున్న అమారోకి — ఏమీ లేదు.