కిటికీ పక్క చోటు

ఆస్ట్రేలియాలో ట్రుగనీనా అనే శివారులో కొత్త ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. హరిప్రియ వాళ్ల ఇంటికున్న ప్రత్యేకత ఒక్కటే, గరాజ్‌లో కారుండదు. రెండు కార్లు పట్టే ఆ జాగాలో పాత కార్పెట్ పరిచి, గోడలకి దుప్పట్లు బిగించి, దానికి ఎడిటింగ్ రూమ్ అని ఘనంగా పేరు పెట్టుకున్నారు. కారు మాత్రం పాపం బయట వానలో తడుస్తుంది. హరిప్రియది కెమెరా, ఎడిటింగ్. అనన్యది సౌండ్. ఇద్దరూ ఒకే ఇంట్లో ఎందుకుంటున్నారని తెలుగువాళ్లెవరైనా ఆరా తీస్తే, రెంట్ కలిసొస్తుందని చెబుతారు. అడిగినవాళ్లు నమ్ముతారు, లేదా నమ్మినట్టు తలూపుతారు.

వాళ్లు తీసేవి టికెట్ కొని చూసే సినిమాలు కావు. పాటలుండవు, ఫైట్లుండవు, ఒక్కోసారి కథ కూడా ఉండదు. ఈసారి తీసింది ఆస్ట్రేలియాలో బతుకుతున్న తెలుగు క్వియర్ మనుషుల మీద, అంటే తమలాంటి స్వలింగ ప్రేమికుల మీద, చిన్న డాక్యుమెంటరీ. మాట్లాడేవాళ్ల మొహం బ్లర్ అయి ఉంటుంది, చేతులు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. మనిషి లేచి వెళ్లిపోయాక కూడా కెమెరా ఆపకుండా ఆ ఖాళీ చోటుని కాసేపు తియ్యడం హరిప్రియకి అలవాటు. వెళ్లిపోయిన మనిషి ఆ ఖాళీలోనే బాగా తెలుస్తారని ఆమె నమ్మకం. అనన్య దాన్ని పిచ్చి అంటుంది గానీ, ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధగా రికార్డు చేసేది తనే.

చిన్న ఫిల్మ్ ఫెస్టివల్ ఒకటి ఆ సినిమాని తీసుకుంది. ఈ రాత్రిలోగా ఫైల్ పంపాలి. మిగిలిన పని ఒక్కటే, కుసుమ ఆంటీ మొహం దాచడం.

కుసుమ ఆంటీ ఉండేది ఊరికి అటు చివర, క్రాన్‌బర్న్‌లో. చాలా ఏళ్లు బిందుమాధవి అనే ఆవిడతో కలిసి బతికింది. గుడిలోనూ, పేరంటాల్లోనూ ఇద్దరూ కజిన్స్‌గా చెలామణీ అయ్యారు. ఎవరి కంటైనా పడుతుందన్న భయంతో కలిసి ఒక్క ఫొటో కూడా దిగలేదు. పోయిన చలికాలం మాధవి దగ్గీ దగ్గీ, ఛాతీకి అమృతాంజనం రాసుకుంటూనే, ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆమె అన్నలు వచ్చి శవాన్నీ, ఆల్బమ్‌నీ, ఆమె ఫోన్‌నీ తీసుకుపోయారు. ఆంటీకి మిగిలింది ఇద్దరూ కూర్చునే సోఫా.

"నా మొహం మాత్రం బయటపడకూడదు తల్లీ. పడిందంటే నా బతుకు బజారుకెక్కుతుంది," అంది ఆంటీ షూటింగ్ రోజున.

హరిప్రియ ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. ఏదో సినిమా వాళ్లు అనే మాట కాదు. ఆంటీని చూస్తే ఆమెకి తన రేపటి రోజే కనిపించింది, భయమేసింది, ప్రేమా కలిగింది.

ఆ రోజు ఒక చిన్న విషయం జరిగింది. ఆంటీ ఎప్పుడూ కూర్చునే వైపు చీకటిగా ఉంది. వెలుతురు కిటికీ పక్కన పడుతోంది. "ఇటు జరగండి ఆంటీ, లైట్ బాగుంది," అంది హరిప్రియ. "అది మాధవి చోటమ్మా. నేనెప్పుడూ కూర్చోలేదు," అంది ఆంటీ. హరిప్రియ బతిమాలింది. ఆంటీ జరిగి కూర్చుంది. షాట్ చాలా అందంగా వచ్చింది.

ఇప్పుడు గరాజ్ బయట వాన. చలికాలం కదా, అప్పుడే చీకటి ముసురుకుంది. వీధి చివర గోడౌన్ల దగ్గర ట్రక్కులు వెనక్కి వస్తూ బీప్ బీప్‌మంటున్నాయి. హరిప్రియ ఆంటీ క్లిప్‌ని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చింది. మొహాలెక్కడున్నాయో అదే వెతికి, అదే బ్లర్ వేస్తుంది. మనిషి కదిలితే బ్లర్ కూడా వెంట కదులుతుంది.

పని పూర్తయింది. తెరమీద రెండు బ్లర్లున్నాయి.

ఒకటి కిటికీ పక్కన, ఆంటీ మొహం మీద. రెండోది సోఫా రెండో కొసన, ఖాళీ చోట్లో. సరిగ్గా కూర్చున్న మనిషి తల ఉండే ఎత్తులో.

"గిదేంది ప్రియా? ఉన్నది ఆంటీ ఒక్కతే కద," అంది అనన్య.

"నేను వెయ్యలేదే. అదే వేసింది."

"సోఫా మీద డిజైన్ చూసి మొహం అనుకుందేమో. డిలీట్ కొట్టు, టైమైతాంది."

హరిప్రియ కొట్టలేదు. క్లిప్ నడిపింది. ఆంటీ మాట్లాడుతోంది, చేతులు ఒళ్లో నలుగుతున్నాయి. రెండో బ్లర్ సన్నగా, నిలువుగా ఉంది. పక్కకి తిరిగిన మొహానికి సాఫ్ట్‌వేర్ అలాగే వేస్తుంది. అంటే ఆంటీ వైపు తిరిగి వింటున్నట్టు... ఆంటీ కన్నీళ్లు తుడుచుకున్నప్పుడు ఆ బ్లర్ కొంచెం ముందుకి వంగింది.

ఆంటీ లేచి ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోయింది. ఆమె బ్లర్ కూడా ఆమెతో పోయింది.

రెండోది పోలేదు.

ఖాళీ సోఫా. వాన చప్పుడు. అప్పుడు ఆ బ్లర్ మెల్లగా వెడల్పు కావడం మొదలుపెట్టింది. ఇంకాస్త... ఇంకాస్త... నిండు మొహమంత అయి ఆగింది. అది కెమెరా వైపు చూస్తోంది. ఆ సమయంలో కెమెరా వెనక నిలబడి ఉన్నది తనేనని హరిప్రియకి గుర్తొచ్చింది.

అనన్య హెడ్‌ఫోన్స్ చెవులకి నొక్కుకుంది. "ఎవరో దగ్గు ఆపుకుంటున్నరు," అంది గుసగుసగా. "ఆంటీ మాట్లాడుతున్నప్పుడే... పక్కన..."

గరాజ్‌లో ఎక్కడినుంచో అమృతాంజనం వాసన వచ్చింది. ఆ ఇంట్లో అమృతాంజనం సీసా లేదు.

హరిప్రియ ఆంటీకి ఫోన్ చేసింది. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"ఏ వైపునమ్మా?" అంది ఆంటీ.

"మీరు రోజూ కూర్చునే చోట."

"నా చోట్లోనా..." అంది ఆంటీ. "ఆ మసక తీసెయ్యి ప్రియా. ఒక్కసారి మాధవి మొహం చూపించు. మర్చిపోతున్నానమ్మా. కళ్లు గుర్తున్నాయి, నవ్వు గుర్తు రావట్లేదు. నీకు పుణ్యముంటుంది."

ఏడుస్తూ అడిగే మనిషికి కాదని ఎలా చెబుతారు? హరిప్రియ రెండో బ్లర్ తీసేసింది.

ఏమీ లేదు. ఖాళీ సోఫా, దాని మీద మడత నలిగిన దుప్పటి.

"ఎవరూ లేరు ఆంటీ," అంది. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గేసింది కూడా.

"సరిగ్గా చూడు. ఆగు, నేను వీడియో పెడతాను. నా చోట్లోనే కూర్చున్నా."

వీడియో వచ్చింది. ఆంటీ ఊదారంగు స్వెటర్, భుజం మీద జడ, వెనకాల సోఫా. మొహం మాత్రం మసకగా ఉంది.

నెట్ బాలేదనుకుంది హరిప్రియ. కానీ స్వెటర్ అల్లికలో ఒక్కొక్క పోగూ కనిపిస్తోంది. మెడలో గొలుసు కనిపిస్తోంది. ఆంటీ తల తిప్పితే ఆ మసక కూడా తలతోపాటు తిరుగుతోంది.

"ఆంటీ... మీ ఫోన్‌లో ఏమైనా నొక్కారా?"

"నాకవేం తెలుసమ్మా. ఇందాకణ్ణుంచీ నాకే ఏదోలా ఉంది. అద్దం తుడిచి తుడిచి చూశాను. అద్దంలోనూ ఇంతే."

అనన్య హరిప్రియ భుజం గట్టిగా పట్టుకుంది. "మొదటి బ్లర్ తీయ్. ఆంటీ మొహం షూటింగ్‌ల మంచిగుందో లేదో చూడు."

హరిప్రియ తటపటాయించింది. దాచుతానని మాటిచ్చిన మొహం అది. కానీ ఇక్కడ ఇద్దరే ఉన్నారు, ఇంకెవరు చూస్తారు? తీసింది.

కిటికీ పక్కన ఆంటీ స్వెటర్ ఉంది. ఆంటీ చేతులున్నాయి, ఆంటీ గొంతూ ఉంది. మొహం ఆంటీది కాదు.

సన్నటి మనిషి. లోపలికి పోయిన చెంపలు, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. పెదవులు ఆంటీ మాటలకి సరిగ్గా కదులుతున్నాయి, కొసల్లో చిన్న నవ్వుంది. హరిప్రియ ఈ మనిషిని జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ఎదురుగా నిలబడి, తన కళ్లతో చూస్తూ, తన చేతులతో తీసింది కుసుమ ఆంటీని.

చేతిలో ఫోన్ కెమెరాకి కంప్యూటర్ తెర కనిపిస్తోందన్న సంగతి కూడా మర్చిపోయింది.

"మాధవీ!" అంది ఫోన్‌లో ఆంటీ. ఆ పిలుపులో ఎంత సంతోషమో! "అదే... అదే నవ్వు. ఎంత చిక్కిపోయావే..." వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగింది.

"ప్రియా... అది నేను మాట్లాడిన వీడియో కదమ్మా?"

"అవునాంటీ."

"మరి నేనెక్కడున్నాను?"

హరిప్రియ గబుక్కున ఆ బ్లర్‌ని మళ్లీ పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. తెరమీద ఆ సన్నటి మొహం పోతోంది, వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం నిండుగా, ఇంకొంచెం ప్రాణంతో ఉంది.

"ప్రియా, ఆపు..." అంది అనన్య. "ఫోన్ చూడు."

కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. ఫోన్‌లో ఊదారంగు స్వెటర్ లేదు. మనిషి లేదు. వెనకాలి సోఫా మాత్రం కనిపిస్తోంది.

"ఆంటీ! కుసుమాంటీ!"

అవతల ఫోన్ కిందపడలేదు. ఆంటీ ఇంకా చేత్తో పట్టుకునే ఉన్నట్టు ఊపిరికి చిన్నగా కదులుతూ, ఎవరిదో దగ్గు వినిపిస్తున్న కిటికీ పక్క చోటు వైపు మెల్లగా తిరుగుతోంది.