నాలుగో రోజు సాక

బెల్లంపల్లిలోని ఆ బొగ్గుబాయి క్వార్టర్లో మూడు రోజులుగా పొద్దు ఒకేలా మొదలవుతోంది. మంజుల చాయ్ పెడుతుంది, వెంకటి గ్లాసు అందుకుంటాడు, వణుకుకు సగం చాయ్ లుంగీ మీద ఒలుకుతుంది. నాలుగో రోజు గ్లాసు పట్టుకోనే లేదు. పెళ్లాం కాళ్లు పట్టుకున్నాడు.

“ఒక్క గోలీ, మంజులా. బొక్కలల్ల పురుగులు పాకుతున్నట్టున్నది. సచ్చిపోత. ఒక్కటియ్యి.”

“ఇప్పుడే ఇచ్చిన గద! ఇగ పగటాలకే. డాక్టర్ సారు ఏం జెప్పిండు?”

“ఆయనకేం తెల్సు? వణుకు నాకు గాని ఆయనకు గాదు గద!”

మూడేళ్ల కింద బాయిలో బొగ్గుపెళ్ల విరిగిపడి వెంకటి నడుము దెబ్బతింది. నొప్పికని మొదలుపెట్టిన గోలీలు నొప్పి తగ్గినా ఆగలేదు. వాటికి బ్రాందీ తోడైంది. పోయిన నెల ఫిట్స్ వచ్చి పడిపోయాక, ఇట్లాగే ఉంటే ఏడాది బతకడని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆసుపత్రి మంచం మీంచి రెండుసార్లు పారిపోయిన ఘనుడు కాబట్టి, ఇంట్లో కనిపెట్టుకునేందుకు పెళ్లామూ తల్లీ ఉన్నారు కాబట్టి, ఇంటి దగ్గరే మాన్పిద్దామని డాక్టరు ఒప్పుకున్నాడు. ఊరికే ఒప్పుకోలేదు. తనిచ్చిన గోలీలు తాళంలో ఉండాలన్నాడు. రాసిన వేళకు రాసినన్నే ఇవ్వాలన్నాడు. బయటి చుక్క ఒక్కటి కూడా నోట్లో పడకూడదన్నాడు. పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టి, నిమిషానికి పదికి తగ్గితే వెంటనే ఫోన్ చేయమన్నాడు.

మంజుల పెట్టె తాళంచెవిని పుస్తెలతాడుకే కట్టుకుంది. కానీ ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడు కాళ్లు పట్టుకోవడం అదే మొదటిసారి. మనసు కరిగి నీరైపోయింది. నిద్రపట్టే గోలీ ఇంకొకటి అతని నోట్లో వేసింది. ఒక్కదానికి ఏమవుతుందిలే అనుకుంది పాపం.

పది గంటలకు నర్సు అతియా స్కూటీ మీద వచ్చింది. బీపీ చూసింది, నాడి పట్టింది, కాగితం మీద ఏవో రాసుకుంది.

“గోలీలు రాసినట్టే ఇచ్చినవ్ గద అక్కా?”

“రాసినట్టే,” అంది మంజుల, దుప్పటి సర్దుతూ.

“శాబాష్! ఇంక మూడు దినాలు జర గట్టిగుండున్రి. ఫికర్ జెయ్యకు.”

అతియా వెళ్లిన కాసేపటికే వెంకటి వాంతి చేసుకున్నాడు. “అవ్వా, అవ్వా” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుమ్మం దగ్గర కూర్చున్న తల్లి లింగవ్వ ఆ ఏడుపు వినలేక చెవులు మూసుకుంది. మంజుల అతని మూతి కడిగి, అత్తను కాపలా పెట్టి, పాడైన దుప్పట్లు తీసుకుని వెనక నల్లా దగ్గరికి పోయింది.

తిరిగి వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వెంకటి పడుకుని ఉన్నాడు. చేతులు వణకడం లేదు. మంజులకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

“సూడు, నా కొడుకు ఎట్ల పండుకున్నడో,” అంది లింగవ్వ సంబరంగా. “పోచమ్మ తల్లి సల్లగ సూసింది.”

అప్పుడు కొట్టింది వాసన. పుల్లటి కల్లు వాసన. మంజుల చప్పున అతని పక్కన కూర్చుని, ఫోన్లో గడియారం చూస్తూ ఛాతీ కదలికలు లెక్కపెట్టింది. నిమిషమంతా గడిస్తే ఏడు. పెదాలు నల్లబడ్డాయి. ఎంత పిలిచినా పలకలేదు.

“అత్తా! ఏం తాపిచ్చినవ్?”

“నేనేం తాపియ్యలే.”

“వాసన రాట్లేదా నాకు?”

“పోచమ్మ ముంగట ఇంత కల్లు సాక వోసిన. గంతే.”

“నాలుగు దినాలాయె నేను కన్ను మూయక! నీ కొడుకును నువ్వే పొట్టన వెట్టుకుంటవా?”

“గంత మాటంటవా! వాడు నా కడుపుల వుట్టినోడే!” అంది లింగవ్వ. మంజుల ఆమెను పట్టించుకోకుండా అతియాకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“పక్కకు ఒరిగియ్యి, అక్కా. మూతి కిందికుండాలె. నేను అంబులెన్సుకు జెప్పి వస్త,” అంది అతియా. “ఏమేం వడ్డయి కడుపుల? నిజం జెప్పున్రి. తెల్వకుంటే డాక్టరు ఏం జేస్తడు?”

లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు అంటుకుపోయింది. తప్పంతా ముసలామె మీదకి తోసెయ్యడం మంజులకు చిటికెలో పని. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదురుగా చూస్తే, పొద్దున తను అనుకున్న ఆ ‘ఒక్కదానికి ఏమవుతుందిలే’ అత్త ముఖంలో కనిపించింది. ఇద్దరూ చేసింది ఒకటే పని.

“అతియా, నీకు అబద్ధం జెప్పిన,” అంది ఏడుస్తూ. “పొద్దుగాల నిద్ర గోలీ ఒకటి ఎక్కువిచ్చిన. తప్పు నాది.”

ఆ మాట వినగానే లింగవ్వ దబ్బున కూలబడింది. “నాది సుత తప్పే బిడ్డా! కల్లు తెప్పిచ్చి తల్లికి సాక వోసిన. మిగిలింది తీర్థమని వాని నోట్లె వోసిన, పెద్ద గిలాసెడు. బాలింతలకు తాపిచ్చే కల్లు ఏం జేస్తదనుకున్న. గది తాగుడు కిందికి రాదనుకున్న!”

“గిప్పటి కల్లుల ఏం కలుపుతున్నరో ఎవరికెరుక అవ్వా,” అంది అతియా. “పిలుస్తనే ఉండున్రి. వచ్చేస్తున్న.”

అంబులెన్సు వచ్చేదాకా అత్తాకోడళ్లిద్దరూ చెరోవైపు అతని భుజాలు పట్టుకుని పిలుస్తూనే ఉన్నారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య వాళ్ల ఊపిరి కూడా ఆగింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, సూదులిచ్చారు. సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి, “రెండూ చెప్పారు కాబట్టి బతికాడు. ఏ ఒక్కటి దాచినా నా చేతుల్లో ఉండేది కాదు,” అన్నాడు. తిట్టాల్సినంత తిట్టాడు కూడా. ఇద్దరూ తలొంచుకుని పడ్డారు.

వెంకటి కళ్లు తెరిచాడు. “ఏమైంది?”

“నేను కల్లు తాపిన బిడ్డా,” అంది లింగవ్వ.

“నేను గోలీ ఎక్కువిచ్చిన,” అంది మంజుల.

వెంకటి కళ్లలోంచి నీళ్లు కారి దిండు తడిసింది. “మీరియ్యలే. నేనే ఏడ్సి ఏడ్సి మీతోని ఇప్పిచ్చుకున్న. రేపట్సంది మళ్ల మొదటి దినమే గద?”

“ఔ. ఈసారి ఈడనే, దవాఖానల,” అంది మంజుల.

“నేను ఉరకను. కాళ్లు మొక్కినా ఇయ్యకున్రి. తిట్టినా ఇయ్యకున్రి.” ఆ మాటతోనే మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

లింగవ్వ స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుంది. “మంజులా, ఊపిరి లెక్కవెట్టుడు నాకు నేర్పవా? నాకు లెక్కలు రావు. వేళ్ల మీద ఎంచుత.”

మంజుల ఫోన్లో గడియారం చూసి, “ఇగ మొదలుపెట్టు” అంది. ముసలామె కళ్లు కొడుకు ఛాతీ మీదే నిలిపి, బొటనవేలిని ఒక్కో గణుపు మీదికీ జరుపుకుంటూ పోయింది. చూపుడువేలు అయింది, నడిమి వేలు అయింది, ఉంగరం వేలు అయింది.

“ఆపు అత్తా. నిమిషమైంది.”

లింగవ్వ బొటనవేలు చిటికెనవేలు ఆఖరి గణుపు మీద ఆగింది. ఆ చేతిని అట్లాగే కోడలి ముందుకు చాపింది.

“చెయ్యి నిండింది బిడ్డా.”

పన్నెండు. మంజుల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అందులో ముఖం దాచుకుని బావురుమంది.