ఐదింటి స్నానాలు

"నోరు విప్పితే ముత్యాలేమైనా రాలిపోతాయా అండీ?"

మేనేజర్ ఇంత మాటన్నా ఆ అమ్మాయి తలెత్తి చూసిందే తప్ప పలకలేదు. హాల్లో మూల కుర్చీలో, టీచరమ్మ పక్కన, వచ్చినప్పటి నుంచీ అలాగే కూర్చుని ఉంది. టీచరమ్మ అంటే ఒకప్పటి హైస్కూలు హెడ్మిస్ట్రెస్. ఇప్పుడు ఈ వృద్ధుల హోమ్‌లో ఉంటోంది. ఆవిడకో మనవరాలుందని మేనేజర్ వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు. ఇదిగో, ఇన్నాళ్లకి వచ్చి, కుర్చీ పక్కన ఇంకో కుర్చీలా కూర్చుంది.

"ఆవిడ కునుకు తీస్తుంటే లేపొచ్చుగా? కనీసం చెయ్యి పట్టుకోవచ్చుగా? పలకరించడానికి వచ్చారా, కాపలా కాయడానికి వచ్చారా?"

ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలి ఆగిపోయింది. అంతే, మన మేనేజర్‌కి ఒళ్లు మండిపోయింది. ఇంకో నాలుగు మాటలు అనేవాడే, ఈలోగా హెడ్ నర్స్ పరుగున వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఉద్యోగరీత్యా ఆవిడ హెడ్ నర్స్, వరసకి కన్నతల్లి.

"ఒరేయ్, ఆవిడ మనవరాలు కాదు, ఇన్‌స్పెక్టరు! చెప్పకుండా తనిఖీకి వచ్చారు. చూడటం అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదట."

మేనేజర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

కాసేపటికి ఆ అమ్మాయి లేచి దగ్గరికొచ్చింది. "ఇప్పుడు నోరు విప్పొచ్చు. ముత్యాలు మాత్రం లేవండీ," అంది.

ఆఫీసు గదిలో టీ ఇవ్వబోతే వద్దంది. డ్యూటీలో మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదట.

"మా హోమ్ ఎలా ఉంది మేడమ్? అందరూ ఎంత ప్రశాంతంగా ఉన్నారో చూశారుగా," అన్నాడు మేనేజర్, పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని.

"ప్రశాంతంగా లేరండీ, నిద్రపోతున్నారు. పొద్దున్న పదింటికి హాలు హాలంతా నిద్రపోవడమేంటి? వాళ్లని ఎన్నింటికి లేపుతున్నారు?"

మేనేజర్ తల్లి వంక చూశాడు. నైట్ డ్యూటీవాళ్లు దిగేలోపే అందరి స్నానాలూ అయిపోవాలని ఆవిడ రూలు. అందుకే ఐదింటికల్లా లైట్లు వేసి లేపేస్తారు. పగటివాళ్ల చేతికి హోమ్‌ని కడిగిన ముత్యంలా అప్పగించాలి మరి.

"లేవమంటే?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఎందుకు లేవరు? నేను లేపితే లేస్తారు," అంది తల్లి గర్వంగా.

హోమ్ శుభ్రంగా ఉందనీ, మందులు సరిగ్గా ఇస్తున్నారనీ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంది. కానీ ఐదింటి స్నానాలు మాత్రం ఒప్పుకోనంది. రెండు నెలలు గడువు. మళ్లీ తనిఖీ నాటికి మారకపోతే లైసెన్సు రద్దవుతుంది. అప్పుడు టీచరమ్మతో సహా అందరూ పెట్టెలు సర్దుకోవాల్సిందే. మేనేజర్ చిన్నప్పుడు తల్లి డ్యూటీ దిగేదాకా ఈ వరండాలోనే హోంవర్క్ చేసుకునేవాడు. ఈ హోమ్‌కి తాళం పడుతుందన్న ఊహకే హడలి, ఆ సాయంత్రమే తల్లి దగ్గర ఐదింటి రూలు మాటెత్తాడు.

తల్లి మాత్రం పట్టిన కుందేలుకి మూడే కాళ్లంది. "నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల, నాకు స్నానాలు నేర్పుతుందా?"

గడువు మధ్యలో, మార్పులు ఎంతవరకు వచ్చాయో చూడటానికి ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చింది. మేనేజర్ గోడు వెళ్లబోసుకున్నాడు. "మా అమ్మని కదిలించడం నా వల్ల కాదండీ. మీరే ఏదో ఒకటి చెప్పండి."

"ఆవిడకేం చెప్పకండి. మీరే ఒక రాత్రి ఇక్కడి మంచం మీద పడుకోండి."

"నేనా?"

"ఏం, భయమా?"

అలా అడిగాక ఏ మగాడైనా భయమంటాడా! టీచరమ్మ పక్క గదిలో మంచం ఖాళీగా ఉంటే, ఎవరికీ చెప్పకుండా అందులో పడుకున్నాడు. ఐదింటికి ఠప్పున లైటు వెలిగింది. దుప్పటి ఎగిరిపోయింది. "లేవండి లేవండి, నీళ్లు చల్లారిపోతాయి," అంటూ ఓ చెయ్యి అతన్ని లేపి కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేనే."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. అప్పుడు గానీ ముఖంలోకి చూడలేదు. కొడుకు చొక్కా గుండీ పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి లైటు ఆర్పేసి, తీసిన దుప్పటి మళ్లీ కప్పింది.

"నిన్నే గుర్తుపట్టలేదురా," అంది.

ఆ మర్నాటి నుంచి ఎవరికి లేవాలనిపించినప్పుడే వాళ్లకి స్నానం. డ్యూటీ వేళలు మార్చే పని తల్లే నెత్తిన వేసుకుంది.

వారం తిరక్కుండా మేనేజర్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు. "నన్ను నిండా ముంచేశారండీ! హాలు చేపల బజారైపోయింది. ఫ్యాన్ గురించి ఇద్దరు తాతలకి మాటల్లేవు. నా చేతిరాత బాలేదని టీచరమ్మ నాతో కాపీ రాయిస్తోంది!"

"గొడవ పడుతున్నారా? శుభం," అని ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు మళ్లీ వినడానికి మేనేజర్ ఆ వారంలో ఇంకెన్నిసార్లు ఫోన్ చేశాడో మనకెందుకు గానీ, అన్నిటికీ కారణం స్నానాలే అని చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్‌గా ఆమె ఆఖరిసారి వచ్చిన రోజు జోరున వాన. బస్టాపు దాకా దింపుతానని మేనేజర్ గొడుగు తీశాడు. గొడుగు ఒకటి, మనుషులిద్దరు. అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం తడిసి ముద్దయ్యాయి. మధ్యలో జానెడు చోటు మాత్రం, ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టి, పొడిగా ఉండిపోయింది.

"మళ్లీ తనిఖీకి నేను రానండీ," అందామె. "నేనే అడిగి మార్పించుకున్నాను. వేరే ఆయన వస్తారు."

"అదేంటి? నా వల్ల తప్పేమైనా జరిగిందా?"

"ఇప్పుడు చెప్పకూడదు."

బస్సు రానే వచ్చింది. అతను గొడుగు మూసేసి వానలోనే వెనక్కి నడిచాడు. ముత్యాల మాట మనసులో పెట్టుకుందేమోననీ, ఫోన్లతో విసిగించానేమోననీ తనని తాను తిట్టుకున్నాడు.

తనిఖీకి ఓ గుబురు మీసాల ఆయన వచ్చాడు. హాల్లో ఓ పక్కన మౌనంగా కూర్చున్నాడు. "వంగి కూర్చోకు నాయనా, నడుం పట్టేస్తుంది," అని టీచరమ్మ ఆయన్ని కూడా సరిచేసింది. హోమ్ పాసయింది. తల్లి అందరికీ స్వీట్లు పంచింది. మేనేజర్ ఒక్కడే తినలేదు.

ఆ ఆదివారం, చూడటానికి బంధువులొచ్చే వేళ, గుమ్మం దగ్గర ఆమె కనిపించింది. చేతిలో ఫైలు లేదు.

"మళ్లీ తనిఖీనా?" అన్నాడు మేనేజర్.

"కాదు. ఇష్టమైన మనిషి ఉన్నచోట మేము తనిఖీ చెయ్యకూడదండీ. మా ఆఫీసులో అదే చెప్పి తప్పుకున్నాను. ఫలితం వచ్చేదాకా మీతో అనకూడదని ఆగాను."

మేనేజర్‌కి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "అంటే... నాకంటే ముందు మీ ఆఫీసువాళ్లకి చెప్పారా?"

"రూలు ప్రకారం ముందు వాళ్లకే చెప్పాలి."

గుమ్మం పక్క బల్ల దగ్గర టీచరమ్మ కూర్చుని ఉంది. పగలంతా మెలకువగా ఉండటం మొదలయ్యాక, వచ్చేవాళ్లని కనుక్కునే పని అడిగి మరీ తీసుకుంది.

"ముచ్చట్లు తర్వాత. ఎవరి కోసం వచ్చావమ్మా?"

"ఈయన కోసమండీ."

"కుదరదు. ఇక్కడ ఉండేవాళ్ల కోసమైతేనే లోపలికి. వీడికింకా అరవై రాలేదే!"

"పర్లేదు టీచర్ గారూ. వచ్చేదాకా ఉంటాను."

వెనక నుంచి తల్లి అంతా వింటూనే ఉంది. లోపలికెళ్లి టీ పట్టుకొచ్చి, "ఇప్పుడైనా తాగుతావా అమ్మా?" అంది.

ఆ అమ్మాయి రెండు చేతులా కప్పు అందుకుంది.