పెద్దావిడ అనని మాట

ఆ గదిలో కుర్చీలు మూడు. రెండు చెక్కవి, మెత్తలు వేసినవి. వాటిలో ఒకటి కౌన్సెలరుది, ఒకటి వచ్చినవాళ్ళది. మూడోది ఇనుప మడత కుర్చీ. అది ఎప్పుడూ గోడకి ఆనించి ఉండేది. చర్చిని ఆనుకుని ఉన్న చిన్న ఆసుపత్రిలో, మందుల గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న గది అది. ఉన్నది ఒకటే కిటికీ. అందులోంచి రోడ్డు, రోడ్డుకవతల బస్టాపు కనిపిస్తాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కౌన్సెలరు అక్కడ కూర్చుని మనుషుల గోడు వినేది. పాతికేళ్ళుగా వింటోంది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ 'అక్క'. మానసిక వైద్యం చూసే డాక్టరుగారికి మాత్రం 'ప్రార్థనమ్మ'.

"ప్రార్థనమ్మగారూ, మీ ప్రభువు నా మాత్రల మీద అలగడు కదా?" అని ఆయన వారం వారం అడిగేవాడు.

"మాత్రలు కనిపెట్టే బుర్ర ఇచ్చింది ఆయనే కదండీ. మీరు రాయండి, నేను మింగిస్తాను," అనేది అక్క.

ఇద్దరికీ బాగానే పడేది. అక్క పద్ధతి సగం కాలేజీలో చదువుకున్నది, సగం మోకాళ్ళ మీద నేర్చుకున్నది. ముందు వినేది. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు ఇచ్చేది. మనిషి లోపల మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతే, లేచి ఆ ఇనుప కుర్చీ తెరిచి ఎదురుగా వేసేది. "ఇందులో ప్రభువు కూర్చున్నాడనుకో. ఆయనకి చెప్పుకో" అనేది. గట్టివాళ్ళని అనుకున్నవాళ్ళు కూడా ఆ కుర్చీ ముందు కరిగిపోయేవాళ్ళు. అంతా అయ్యాక ప్రార్థన చేసి, ఆమేన్ అని, కుర్చీ మడిచి గోడకి ఆనించేది. మడిచిన చప్పుడుతో ఆ రోజు పని అయిపోయినట్టు.

ఈ పని నేర్పిన పెద్ద టీచరు అక్కకి ఒక్కటే గట్టిగా చెప్పింది. "ఆ కుర్చీలో నువ్వు మాత్రం కూర్చోకు. అక్కడికి పిలిచినవాళ్ళ మాట నీ నోటితో అనకు." ఎందుకని అడిగితే, "అనకు, అంతే" అంది. అక్క పాతికేళ్ళు ఆ మాట జవదాటలేదు.

బస్సు డ్రైవరు వచ్చేదాకా.

అతనికి నలభై దాటి ఉంటాయి. భార్య ఒక హాస్టల్లో వంట చేస్తుంది. మొదటిసారి ఆవిడే అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, తను బయట బల్ల మీద కూర్చుంది. ఒక వాన సాయంత్రం ఒక పెద్దావిడ గొడుగు అడ్డం పెట్టుకుని అతని బస్సు ముందుకి వచ్చేసింది. తప్పు అతనిది కాదని పోలీసులు తేల్చారు. కోర్టు తేల్చింది. ఉద్యోగం కూడా వెనక్కి వచ్చింది. నిద్ర మాత్రం రాలేదు.

"ఆవిడ పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తోందంటక్కా," అన్నాడు మొదటి వారం. "నేను దిగి పరిగెత్తాను. నోటి నిండా లవంగం వాసన. ఏదో చెప్పబోయింది. వంగి చెవి పెట్టాను. చెప్పకుండానే పోయింది."

ఆరు వారాలు అక్క అతనితో కూర్చుంది. మాత్రలు వేసుకున్నాడు. ప్రార్థన చేశాడు. ఇనుప కుర్చీ ముందు ఏడ్చాడు కూడా. ఏడో వారం తల ఎత్తి, మెల్లగా అడిగాడు.

"దేవుడు క్షమించాడంటున్నారు. సరే. ఆవిడ క్షమించిందా అక్కా?"

పాతికేళ్ళలో ఇలా అడిగినవాళ్ళు లేరు. అంతకుముందే బయట అతని భార్య అక్క కొంగు పట్టుకుని, "రోజూ మేడ మీదకెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడుతున్నాడక్కా. పిలిస్తే వినిపించుకోవట్లేదు. ఇవాళ ఏదో ఒకటి చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది. ఆ మాట ఇంకా అక్క చెవుల్లోనే ఉంది. మనిషి చేజారిపోతున్నాడని భయం. తను కాపాడగలనని ఏదో మూల చిన్న గర్వం కూడా. ఆ రెండూ కలిసి ఆవిణ్ణి లేపాయి.

"కళ్ళు మూసుకో తమ్ముడూ," అంది.

ఇనుప కుర్చీ తెరిచి ఎదురుగా వేసింది. అందులో కూర్చుంది. ఆ పెద్దావిడే అంటున్నట్టు, "నాయనా, నిన్ను క్షమించాను. నీ తప్పేం లేదు. వెళ్ళి హాయిగా పడుకో," అంది.

అతను పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి అడిగాడు. "ఇది మీరన్నారా, ఆవిడందా?"

అక్క రుమాలు అందించింది. "నా మాట కాదు. ప్రభువే పలికించాడు," అంది.

అప్పుడు లేచి కుర్చీ మడిచింది. తను కూర్చున్నది రెండు నిమిషాలే. అయినా ఆ ఇనుము, ఎవరో పొద్దుట్నించీ కదలకుండా కూర్చున్నట్టు వెచ్చగా ఉంది.

తర్వాతి గురువారం డ్రైవరు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. భార్య మొహం విప్పారి ఉంది. అక్క మనసులోనే స్తోత్రం చెప్పుకుంది. తలుపు మూసి కూర్చుందో లేదో, గదిలో లవంగం వాసన.

"నిద్ర పడుతోందా?"

"పడుతోందక్కా. ఇంక మాత్రలెందుకని మానేశాను." కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. "ఆవిడ కూడా వస్తోంది."

"ఎవరు?"

"పెద్దావిడే. మొదటి ట్రిప్పుకి ఎక్కుతుంది. నా వెనక సీట్లో కూర్చుంటుంది. గొడుగు నీళ్ళు కారుతుంటాయి. బస్సంతా తడి. కండక్టరుకి కనపడదు, నాకే అద్దంలో కనపడుతుంది. కోపంగా ఏం ఉండదు. అలా చూస్తూ ఉంటుందంతే."

అక్క ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఈసారి వేళాకోళం ఆడలేదు. "మాత్రలు ఆపితే ఇలాంటివి కనిపిస్తాయి. అది నేను చూసుకుంటాను. కానీ చనిపోయినావిడ మాట మీరెలా అన్నారమ్మా? అన్నది చాలక, దేవుడి మీద పెట్టారా?" అన్నాడు. అక్క తలెత్తలేకపోయింది. తప్పు చేశానని అప్పుడు కాదు, ఆ మాట నోట్లోంచి బయటపడ్డ క్షణమే ఆవిడకి తెలుసు.

ఆ ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే నాలుక చివర చురుక్కుమంది. మంచినీళ్ళు తాగింది. తగ్గలేదు.

ఆ పై గురువారం పొద్దున్నుంచీ వాన. నాలుగింటికే గదిలో దీపం వేసుకోవలసి వచ్చింది. ఇవాళ నిజం చెప్పేయాలని అక్క నిర్ణయించుకుంది. అది నేనన్న మాట, ఆవిడది కాదు, దేవుడిదీ కాదు, నన్ను క్షమించు తమ్ముడూ... అని రాత్రంతా అనుకుంటూనే ఉంది. ఇనుప కుర్చీని ముందే మడిచి, తాడు పెట్టి రెండు చుట్లు చుట్టి, ముడి వేసింది. తన పిచ్చికి తనే నవ్వుకుంది కూడా.

డ్రైవరు వచ్చాడు. గడ్డం పెరిగింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కూర్చోలేదు.

"ఆవిడ మాట్లాడిందక్కా."

"ముందు కూర్చో."

"నేనెప్పుడన్నాను అంటోంది." గొంతు తగ్గించాడు. "రోజూ అదే. నేనెప్పుడన్నాను... నేనెప్పుడన్నాను... మీరు చెప్పండి. మీకు తెలుసుగా. ఆవిడే కదా అంది? ప్రభువే కదా పలికించాడు?"

అక్క నోరు తెరిచింది.

లవంగం వాసన గుప్పుమంది. వాసన గదిలో కాదు... నోట్లో. నాలుక చివర మొద్దుబారింది. తర్వాత మధ్య. తర్వాత మొత్తం. పంటి డాక్టరు మందు వేశాక ఎలా ఉంటుందో, అలా. అది తన నాలుకలా లేదు. ప్రభువా అందామనుకుంది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. యేసయ్యా... రాలేదు. పాతికేళ్ళుగా నిద్రలో కూడా పలికే పేరు.

వెనకాల తాడు జారిన చప్పుడు.

చాలా మెత్తగా. ఎవరో ఓపిగ్గా ముడి విప్పినట్టు.

తర్వాత కుర్చీ తెరుచుకున్న కిర్రుమనే చప్పుడు. అక్క తల తిప్పి చూడలేదు. చూడలేకపోయింది. డ్రైవరు మాత్రం చూస్తున్నాడు. అక్క భుజం మీదుగా, వెనక్కి. అతని మొహంలో భయం లేదు. బడిలో మార్కుల కోసం నిలబడ్డ పిల్లాడి మొహం అది.

"చెప్పండమ్మా," అన్నాడు. అక్కతో కాదు.

అక్క నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆ నోట్లోంచి, ఎప్పుడూ వినని ఒక ముసలి గొంతు, పంటినొప్పితో ముద్దముద్దగా...

"నేను అనలేదు."

వాన చప్పుడు. నేల మీద ఎక్కణ్ణించో టప్... టప్... మని నీళ్ళు.

"మరి ఏం చెయ్యమంటారు?" అని గుసగుసగా అడిగాడు డ్రైవరు.

ఈసారి గొంతు రాలేదు. ఏం జవాబు వచ్చిందో అక్కకి వినిపించలేదు. అతనికి వినిపించినట్టుంది. తలూపాడు. "సరే," అన్నాడు. చొక్కా గుండీలు సర్దుకుని, డ్యూటీకి వెళ్ళేవాడిలా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆగు తమ్ముడూ! అక్క అరిచింది. అరిచాననుకుంది. కాళ్ళు మాత్రం కదిలాయి. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని బయటికొచ్చింది. బల్ల మీద అతని భార్య స్వెట్టరు అల్లుతోంది. తలెత్తి నవ్వింది.

"అయిపోయిందా అక్కా? ఇవాళ తొందరగా వదిలేశారే. మొహం తేటగా ఉంది మనిషికి. బస్టాపు దగ్గర ఉంటానన్నాడు."

ఆపమ్మా అతన్ని. పరిగెత్తు. అక్క ఆ అమ్మాయి రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. నోరు తెరిచింది, మూసింది. నోట్లోంచి లాలాజలం కారింది తప్ప మాట రాలేదు. ఆ అమ్మాయి కంగారుపడింది. "ఏంటక్కా, ఒంట్లో బాలేదా? నర్సుని పిలవనా?" అంటూ లేచి లోపలికి పరిగెత్తింది. రోడ్డు వైపు కాదు.

గోడ పట్టుకుని రోడ్డు దాకా నడిచేంత వ్యవధి లేక, అక్క వెనక్కి గదిలోకి, కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇంకేం చెయ్యగలదు? వానలో, రోడ్డుకి ఇవతల, డ్రైవరు నిలబడి ఉన్నాడు. బట్టలు ఇందాకే తడిసి ఉన్నాయి. అతని తల మీద మాత్రం చినుకు పడటం లేదు. ఎవరో గొడుగు పట్టినట్టు.

దూరంగా బస్సు మలుపు తిరిగింది. అక్క రెండు చేతులతో కిటికీ అద్దం బాదింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

బ్రేకుల చప్పుడుకి అక్క నాలుకకి తిమ్మిరి వదిలింది. అప్పుడు వచ్చింది కేక. ఆసుపత్రంతా వినిపించింది.

భూస్థాపన రోజు అతని భార్య ఏడవలేదు. అక్క పక్కకి వచ్చి, "చివరికి మీతో ఏం చెప్పాడక్కా?" అని మాత్రం అడిగింది. అక్క చెబుదామనుకుంది. ఆ ఒక్క సంగతికి వచ్చేసరికి నాలుక మళ్ళీ మొద్దుబారింది. ఆ అమ్మాయి కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోవడం కన్నా చెంప పగలగొట్టినా బాగుండేదని అక్కకి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇనుప కుర్చీని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. రెండు నెలలు గదికి తాళం వేసింది. ఆ తర్వాత డాక్టరే ఇంటికి వచ్చాడు. "ఒక కుర్రాడున్నాడమ్మా. ఆ రోజు బస్సు నడిపినవాడు. తిండి లేదు, నిద్ర లేదు. నా మాత్రలతో అయ్యే పని కాదిది. మీరొక్కసారి కూర్చోండి. కుర్చీలూ అవీ వద్దు, ఊరికే వినండి చాలు," అన్నాడు. ప్రార్థనమ్మ అని పిలవలేదు.

గురువారం నాలుగింటికి అక్క గది తెరిచింది. బయట ఎండ కాస్తోంది. గది మూలమూలలా చూసుకుంది. రెండే కుర్చీలు. ఒకదాంట్లో తను కూర్చుంది. రెండోది ఖాళీ. రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. బక్కపలచటి కుర్రాడు సగం లోపలికి వచ్చాడు. అక్కని చూశాడు. తర్వాత అక్కకి కుడి పక్క, తర్వాత ఎడమ పక్క చూశాడు. మర్యాదగా వెనక్కి తగ్గాడు.

"సారీ అమ్మా. ముందు వీళ్ళిద్దరిదీ అవనివ్వండి, నేను బయట కూర్చుంటాను," అన్నాడు.