గింకో కంపు, విదేశీ సెంటు

చీఫ్ టేబుల్ మీద ప్లాస్టిక్ సంచీ పెట్టి మూతి విప్పాడు. గదంతా కుళ్ళిన వెన్న కంపు, దాని మీద తాగుబోతు కక్కిన కంపు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'ముక్కు' అని పిలిచే ఏజెంట్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఛీ! ఏంటి సార్ ఇది?"

"గింకో పండు. చైనా నుంచి వచ్చిన చెట్టు. పసుపు ఆకులు చూస్తే కళ్ళు చెదురుతాయి, పండు రాలితే వీధంతా ముక్కు మూసుకోవాలి. దీని ఆకుల్లోంచీ గింజల్లోంచీ మన ల్యాబ్ ప్రొఫెసర్ ఒక మందు పదార్థం తీశారు. ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు పెరగడం ఆగింది. ఎలుకల్లో గడ్డలు కాస్త తగ్గాయి. అంతే. మనుషుల దాకా రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది."

"మరి నాకేం పని?"

"ఒక విదేశీ ముఠా పచ్చి గింజల రసం తీసి, అదే ప్రొఫెసర్ మందని చెప్పి హాస్పిటల్లో తాగించబోతోంది. పచ్చి గింజ విషం. ఫిట్స్ వస్తాయి. నలుగురు పేషెంట్లు పోతే ల్యాబ్ పరువు గంగలో కలుస్తుంది. అప్పుడు ఫార్ములాని చిత్తుకాగితాల రేటుకి కొనేస్తారు."

"ఏ హాస్పిటల్?"

చీఫ్ చూపు తిప్పుకున్నాడు. "మీ అక్క క్యాన్సర్‌కి చేరినదే."

ముక్కుకి ఒళ్ళు మండిపోయింది. దొంగతనాలు చూశాడు, హత్యలు చూశాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ ఆశని గరిటెతో కలిపి అమ్మే రకాల్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు. థూ!

"ముఠాలో మన మనిషి ఒకతె ఉంది," అన్నాడు చీఫ్. "కోడ్ నేమ్ నెమలి."

మర్నాడు పొద్దున ముక్కు అతికించిన మీసంతో, ఖాకీ చొక్కాతో ఒక పెద్ద హోటల్ ముందు చీపురు పట్టుకుని గింకో ఆకులు ఊడుస్తున్నాడు. కారు ఆగింది. ముందు విదేశీ సెంటు దిగింది, తర్వాత నెమలి దిగింది. నల్ల కళ్ళజోడు, మోచేతుల దాకా పట్టు గ్లోవ్స్.

"ఆకు రాలిందా?" అంది.

"గింజ మిగిలింది," అన్నాడు.

"సరుకు రేవు దగ్గర గోడౌన్‌లో ఉంది. రేపు గానీ కదలదు." తాళంచెవి అతని చేతిలో పెట్టి, మణికట్టు బరబరా గోక్కుంది.

"పండ్లు ఎవరు వలుస్తున్నారు?"

"కూలీలు. నేను ఆ గోడౌన్ గడప కూడా తొక్కలేదు బాబూ. ఆ కంపంటే నాకు పడదు."

సెంటు వెనకాల ఏదో లీలగా ముక్కుపుటాలకి తగిలింది. తన చెప్పులకి అంటిన పండేలే అనుకున్నాడు. పేరుకి ముక్కే గానీ ఆ పూట పనిచెయ్యలేదు.

గోడౌన్‌లో రసం సీసా అన్నది లేదు. డ్రమ్ముల నిండా తొక్కలు, వాటి మీద ఈగలు. కాపలా ముసలాయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"కూలీలేరి తాతా?"

"ఇంకెక్కడి కూలీలు నాయనా! చేతులు బొబ్బలెక్కాయని, కంపుకి కక్కుకున్నామని పారిపోయారు. మిగిలిన గంపలన్నీ ఆ సెంటమ్మే వలిచింది. నానా బూతులూ తిట్టుకుంటూ వలిచింది."

"సీసాలు?"

"పొద్దున్నే పట్టుకుపోయిందిగా!"

పట్టు గ్లోవ్స్. బరబరా గోకుడు. సెంటు వెనక వాసన. తనని ఇటు తోలేసి ఆమె సీసాలతో హాస్పిటల్‌కి వెళ్ళింది. ముక్కు మోటార్ సైకిల్ ఎక్కి, దారి పొడవునా తనని తానే తిట్టుకున్నాడు.

వార్డులో పది మంచాలు. తెల్లకోటు వేసుకున్న కొత్త 'డాక్టరమ్మ' కప్పుల్లో ఎర్ర సిరప్ పోస్తోంది. మొదటి కప్పు అక్క చేతిలో ఉంది. పెదాలకి ఆనించింది కూడా.

"అక్కా! తాగకు!"

"ఎవడయ్యా నువ్వు? చీపురోడివి నన్ను అక్కా అంటావేంటి?"

మీసం సంగతి మర్చిపోయాడు! పీకేశాడు. డాక్టరమ్మ తలుపు వైపు పరిగెత్తింది. ముక్కు మత్తుసూది విసిరే పెన్ తీసి నొక్కాడు. గొట్టంలో గింకో గుజ్జు ఇరుక్కుపోయి అది చిన్నగా తుమ్మి ఊరుకుంది. ఛీ, దీని గాడ్జెట్ బతుకు! వెంటపడి ఆమె చెయ్యి పట్టుకుని పట్టు గ్లోవ్ లాగేశాడు.

ఎర్రగా పొంగిన బొబ్బలు. ఆ వేళ్ళ కంపు వార్డంతా పాకింది. మూడో మంచం ఆవిడ బేసిన్ అందుకుంది. అక్క కప్పు కింద పెట్టేసింది.

"ఎందుకంత హడావుడి?" అంది నెమలి చల్లగా. "ఎలాగూ పోయేవాళ్ళేగా. ఓ నెల ముందు, ఓ నెల వెనక."

  కేకలకి వచ్చిన హాస్పిటల్ గార్డులు ఆమెని తీసుకెళ్తుంటే ముక్కుకి అటు చూడబుద్ధి కూడా కాలేదు.

అక్క దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. "బతుకుతానేమో అనుకున్నానురా," అంది. "ఒక్క క్షణం గట్టిగానే అనుకున్నాను."

ముక్కు మంచం అంచున కూర్చున్నాడు. "అసలు మందు మీద పని జరుగుతోందక్కా. నిజంగానే. ప్రస్తుతానికి ఎలుకల దగ్గరే ఉంది."

"సరే. ఎలుకల వెనకాల లైన్లో నాకో చోటు ఉంచమని ప్రొఫెసర్‌కి చెప్పు." కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అంతకుముందు నువ్వెళ్ళి స్నానం చెయ్యరా. ఆ విషం తాగినా ఇంతకంటే సుఖంగా పోయేదాన్ని."