తడి పట్టేసిన కెమెరా

బ్రయనీ పాస్కో రాతికడ్డీల మీద నీళ్లు చల్లుతుంటే, వెనకనుంచి ఎవరో ఆమె చేతిలోని స్ప్రే సీసాని మెల్లగా తీసేసుకున్నారు.

"తడపకండి. నా కెమెరాకి తడి పడదు."

ఆస్ట్రేలియా బంగారు గనుల ఊరు కాల్గూర్లీలో జియాలజిస్టులు షెడ్డులోకి రాగానే చేసే మొదటి పని కడ్డీలు తడపడమే. డ్రిల్లు భూమిలోంచి తీసిన కడ్డీలు పొడిగా ఉంటే అన్నీ బూడిదరంగే. తడిస్తేనే రంగులు తేలతాయి.

"రాయికి మొహం కడగకుండా చూడటం మాకు అలవాటు లేదు," అంది బ్రయనీ.

"కడగకపోయినా బాగానే ఉంది," అన్నాడతను, చూపు ఆమె మీంచి తిప్పుకోవడం మరిచిపోయి. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి.

అతని పేరు డారియో మారినోవిచ్. పెర్త్ నుంచి హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాతో వచ్చాడు. శుక్రవారంలోగా అది పనికొస్తుందని తేలితే సీజనంతా ఇక్కడే. లేకపోతే కెమెరాతో సహా వెనక్కి. మేనేజరు హెడ్లీ పెట్టిన షరతు అది.

అప్పటికే ముందు వరస ట్రేల్లో పేర్చిన కడ్డీలు తడిపేశానని బ్రయనీ చెప్పలేదు. ఈ ఎండకి ఇట్టే ఆరిపోతాయిలే అనుకుంది.

మధ్యాహ్నం టీకల్లా ఇద్దరూ 'నువ్వు' అనుకునేదాకా వచ్చారు. కెమెరా రాతి మీది ఒక్కో చుక్కనీ కంటికి అందని వెలుగుల్లో కూడా, వందల రంగుల్లో చూస్తుందని అతను వివరించాడు. ఇది ఫలానా రాయి అని ప్రోగ్రాముకి ఎవరూ నేర్పరు. ఒకేలా మెరిసేవాటిని అదే ఒక గుంపు చేస్తుంది.

"పెళ్లిళ్లలో మా పిన్ని లాగా," అంది బ్రయనీ. "పరిచయం లేని వాళ్లనైనా చూడగానే బల్లలకి సర్దేస్తుంది."

"ఎన్ని బల్లలో ముందు చెప్పాలా మీ పిన్నికి?"

"చెప్పాలి మరి."

"దీనికీ అంతే. ఎన్ని గుంపులో నేను చెబుతాను. ఏ గుంపులో ఏ రాయుందో నువ్వు చెప్పాలి."

తనకి తెలియనిదాన్ని అంత హాయిగా ఒప్పుకునే మగవాణ్ణి ఆమె ఆ షెడ్డులో చూడలేదు. ఆ వారమంతా పని కాస్త నెమ్మదిగా సాగితే బాగుండుననుకుంది.

గురువారం కంప్యూటరు తెర మీద ఎవరూ ఊహించని ఊదారంగు గుంపు ఒకటి తేలింది. బంకమట్టి లాంటిదేదో. అలాంటి మట్టి పక్కన బంగారం దొరికిన సందర్భాలు హెడ్లీకి తెలుసు. రేపే డ్రిల్లు ఆ కడ్డీలు తీసిన చోటికి తరలించమన్నాడు. డారియో భుజం తట్టి, సీజనంతా ఉండిపొమ్మన్నాడు.

బ్రయనీకి ఎంత సంతోషం వేసిందంటే, అది చూసి తనకే కంగారు పుట్టింది. ఆ సంతోషంతోనే తెర దగ్గరికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

ట్రేలో పక్కపక్కనున్న కడ్డీలు భూమిలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రాతిపొరైతే ఏదో ఒక కడ్డీలో మొదలై అక్కడే ఆగుతుంది. ఈ ఊదా మరక మాత్రం కడ్డీలన్నిటి మీదా విసనకర్రలా పరుచుకుంది. అది నీళ్లు చల్లిన తన చేతి ఊపే. పైన ఆరినా, రాయి లోపల నీళ్లు మిగిలాయన్నమాట.

ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే అతను ఉండిపోతాడు.

వెళ్లి అతనికి అంతా చెప్పేసింది.

డారియో తెర మీది మరక అంచు వెంట వేలు పోనిచ్చాడు. "ఎవరూ చెప్పకుండానే తడిని విడదీసింది," అన్నాడు, కోపానికి బదులు మురిపెంతో. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు చెప్పకపోతే నేనిక్కడే ఉండేవాణ్ణి," అన్నాడు.

"ఉండేవాడివి. నీ మొహం చూడటం మాత్రం నా వల్లయ్యేది కాదు."

తప్పు నాదే, నేను చెబుతానని ఆమె అంటున్నా వినకుండా, చూసుకోకపోవడం తన పొరపాటంటూ అతనే హెడ్లీ గదికి వెళ్లాడు. వచ్చేదాకా బ్రయనీ ఖాళీ ట్రేలు అటూ ఇటూ మార్చి పేర్చింది.

"డ్రిల్లు ఆపించాడు," అన్నాడు వచ్చాక, ఆమె చేతిలోని ట్రే అందుకుంటూ. "బాగా తిట్టాడు. ఇంత చిన్న తడినే పట్టుకున్న కెమెరా, ఆ కెమెరా తప్పునే పట్టుకున్న పిల్ల, రెండూ కావాలన్నాడు. ఉండమన్నాడు. అన్నీ ఆరబెట్టి, మళ్లీ మొదట్నుంచి."

బ్రయనీ ఊపిరి పీల్చుకుంది.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. మా అమ్మ గొర్రె మాంసం రోస్ట్ చేస్తుంది. నువ్వు నాకేమవుతావని అందరి ముందూ అడిగేస్తుంది."

"ఏం చెబుతావు?"

"ప్రేమిస్తున్నానని. అక్కడ మొదటిసారి విని బెంబేలెత్తడం దేనికి, ఇక్కడే వినెయ్యి."

డారియో తన చేతిలోని ట్రేని మెల్లగా కింద పెట్టి, ఆమె చెయ్యి అందుకున్నాడు.