వెనక కట్టిన డింగీ

కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో పడవలు నిలిపే మెరీనా చూడగానే నాకు, అమెరికాలో మా అల్లుడు వాళ్ళుండే ఆష్‌బర్న్‌లో మాల్ ముందుండే పార్కింగ్ లాట్ గుర్తొచ్చింది. కార్ల బదులు పడవలు, అంతే తేడా. చెక్క వంతెనలకు రెండు వైపులా వరసగా కట్టేసి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక నంబరు, ఒక నీళ్ళ గొట్టం, ఒక కరెంటు ప్లగ్గు.

"అడ్డంగా పెడితే ఇక్కడా టో చేసి లాక్కెళ్తారత్తయ్యా," అన్నాడు మా అల్లుడు విశ్వనాథ్.

ఏడాదిగా అతని మొహంలో నవ్వు చూడలేదు. ఇప్పుడొచ్చిన నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది. అతని చేతిలో నల్లటి పెట్టె ఉంది. అందులో మా శశికళ అస్థికలున్నాయి.

శశి నా ఒక్కగానొక్క కూతురు. ప్రతి చలికాలం ఈ దీవులకొచ్చి తెరచాప పడవ అద్దెకు తీసుకుని తనే నడిపేది. క్యాన్సర్ ముదిరాక, "నన్ను అక్కడే కలపండి," అని మాట తీసుకుంది. విశ్వనాథ్ ఏడాదిపాటు ఆ పెట్టెను వదల్లేకపోయాడు. చివరికి నేను, అతను, తొమ్మిదేళ్ళ నా మనవరాలు నైనిక బయల్దేరాం. ఆ పిల్ల తప్ప నాకిక ఎవరూ లేరు.

తీరం నుంచి మూడు మైళ్ళు దాటాకే అస్థికలు కలపాలని ఇక్కడి రూలు. తెరచాప పడవ అద్దెకు తీసుకుని అంత దూరం వెళ్ళాం. అతను పెట్టె వంచాడు. బూడిద కాసేపు నీళ్ళ మీద పాలలా పరుచుకుని, కిందికి దిగిపోయింది. నేను పూలు వదిలాను.

"ఇక ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు," అన్నాను. "చూస్తే వెళ్ళేవాళ్ళు వెళ్ళలేరు."

"ఓకే అమ్మమ్మా. నేను తిరగను," అంది నైనిక.

విశ్వనాథ్ చక్రం పట్టుకుని ముందుకే చూస్తూ నడిపాడు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మా వెనక తాడుకి కట్టిన డింగీ, అంటే ఒడ్డుకి వెళ్ళడానికి వాడే చిన్న రబ్బరు పడవ, ఖాళీగా గెంతుతూ వచ్చింది.

సాయంత్రానికి సెయింట్ జాన్ దీవి పక్కనున్న చిన్న అఖాతంలోకి చేరాం. అక్కడ మెరీనా లేదు, దీపాలూ లేవు. నీళ్ళ మీద తెల్లటి పెద్ద బంతులు తేలుతుంటాయి. వాటిని తాళ్ళతో సముద్రం అడుగుకి బిగించి ఉంచుతారు. పడవ ముక్కుని బంతికి కట్టేస్తే, గుంజకు కట్టిన దూడలా పడవ దాని చుట్టూ తిరుగుతుంది. గాలి ఎటునుంచి వస్తే పడవలన్నీ అటే మొహం పెడతాయి. వెనక కట్టిన డింగీలేమో గాలి తోసినట్టు ఇంకా వెనక్కి పోతాయి. ఇదంతా శశి నాకు ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పింది. పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పేది నాకు.

ఇక్కడ సూర్యుడు గబుక్కున పడిపోతాడు. కొండలు నల్లబడ్డాయి. పక్క పడవల్లోంచి బొగ్గుల మీద కాల్చిన చేపల వాసన వచ్చి, అదీ పోయింది. ఉప్పు వాసన, తడి తాళ్ళ వాసన మిగిలాయి. తెరచాప స్తంభాలకు తాళ్ళు తగిలి టిక్... టిక్... అంటున్నాయి. విశ్వనాథ్ ఏడ్చి ఏడ్చి తన గదిలో నిద్రపోయాడు. నేను కింద వంటగట్టు దగ్గర పాప కోసం పెరుగన్నం కలుపుతున్నాను.

దబ్.

పడవ వెనక ఏదో తగిలింది. మెత్తగా. మళ్ళీ... దబ్.

"నైనికా?"

మెట్లెక్కి పైకొచ్చాను. పాప పడవ వెనక చివరి మెట్టు మీద కూర్చుని ఉంది. రెండు పాదాలూ నీళ్ళలో ఉన్నాయి. ఎదురుగా... డింగీ.

గాలికి వెనక్కి పోవాల్సిన డింగీ. గాలికి ఎదురొచ్చి ఆ మెట్టుకి ఆనుకుని నిలబడింది. ఒకవైపు కుంగి ఉంది. అందులో ఎవరూ లేరు.

వెళ్ళి పాప చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

"అమ్మ రమ్మంటోంది అమ్మమ్మా," అంది గుసగుసగా. "డింగీలో కూర్చుంది. మనతోనే వచ్చింది."

"నువ్వు... వెనక్కి చూశావా?"

"నేను తిరగలేదు. ముందునుంచే అటు ఫేస్ చేసి కూర్చున్నా. యూ సెడ్ డోంట్ టర్న్."

పాప కూర్చున్న వెనక సీటు వెనక్కే చూస్తుంది. దారంతా ఆ పిల్ల తల్లిని చూస్తూనే వచ్చింది. మేమే తాడు కట్టి లాక్కొచ్చాం.

పాపను పైకి లాగి నా వెనక్కి నెట్టాను. నీళ్ళకు దగ్గరగా వంగాను.

"శశీ..."

డింగీ కదల్లేదు. ఆసుపత్రిలో ఆఖరి వారం తన ఒంటి నుంచి వచ్చిన మందుల వాసన... అదే వాసన.

"అమ్మా." చెవి పక్కనే. "చలేస్తోంది."

ఆ మాటకు ఏ తల్లైనా ఏం చేస్తుందో అదే చేయబోయాను. చెయ్యి చాచాను. అప్పుడు పాప నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"లేదు తల్లీ," అన్నాను. "దీన్ని అడక్కు. నన్నడుగు, వస్తాను. దీన్ని మాత్రం ఇవ్వను. వెళ్ళమ్మా... నా బంగారం కదూ."

చిన్నప్పుడు బడికి వెళ్ళనని ఏడిస్తే ఇలాగే పంపేదాన్ని.

తాడు పడవ అంచునున్న ఇనప కొమ్ములకు చుట్టి ఉంది. ఒక్కో చుట్టూ విప్పాను. ఆఖరి చుట్టు నా చేతిలోంచి దానంతటదే జారిపోయింది. డింగీ గాలికి ఎదురుగా, చప్పుడు లేకుండా, సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఈసారి నేను చూస్తూనే ఉన్నాను. చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు.

పాపను కిందికి తీసుకెళ్ళి పాదాలు తుడిచాను. ఇద్దరం పడవ ముక్కులో ఉన్న చిన్న పక్క మీద పడుకున్నాం. పాప గోడవైపు, నేను బయటివైపు. తనను పొదువుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కన్నకూతుర్ని చీకట్లోకి తోసేశాను.

కాసేపటికి పాప నన్ను మోచేత్తో నెట్టింది.

"జరుగు అమ్మమ్మా."

"ఎందుకమ్మా?"

"అమ్మకి ప్లేస్ సరిపోవట్లేదు."

నేను... జరిగాను.

పాప నావైపు జరిగింది. అవతల, గోడ పక్కన, పరుపు నెమ్మదిగా కుంగింది.

పాప కుడిచెయ్యి నా చేతిలో ఉంది. గట్టిగా పట్టుకున్నాను. ఎడమచెయ్యి గోడవైపు చాచి ఉంది. దాని వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి... ఎవరి చేతినో పట్టుకున్నట్టు.